మా డిజిటల్ మొగ్గును పైఅంతస్తులోనే అడిగి తేల్చకండి: కొలమానాలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

కంపెనీల డిజిటల్ మొగ్గును, అంటే యాజమాన్యం డిజిటల్ టెక్నాలజీ వైపు ఎంత మొగ్గుతోందన్నదాన్ని, కొలిచే పరిశోధకులకు, సర్వేలు నడిపే కన్సల్టింగ్ సంస్థలకు, ఆ స్కోర్ల మీద ర్యాంకులూ అవార్డులూ ప్రకటించేవారికి నమస్కారం.

నేను పదకొండేళ్లుగా మీ ప్రశ్నావళులు నింపుతున్న ఉద్యోగిని. నా పేరు మీకు తెలియదు గానీ, మీరు ప్రకటించిన స్కోర్లలో నేను పెట్టిన టిక్కులున్నాయి. మూడేళ్ల కిందట మీలో ఒకరికి మొదటిసారి ఉత్తరం రాశాను. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని రెండు వాక్యాల జవాబొచ్చింది. మరుసటి ఏడాది ఏ ప్రశ్నలో ఏం లోపముందో ఒక్కొక్కటిగా వివరించి మళ్లీ రాశాను. దానికి జవాబే లేదు. ఈ ఏడాది అదే ప్రశ్నావళి అక్షరం మారకుండా మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

మీ పని అక్కర్లేదని నేననడం లేదు. రెండు కంపెనీలు ఒకే సాఫ్ట్‌వేర్ కొంటాయి. ఒకచోట పని తీరే మారిపోతుంది. ఇంకోచోట పాత పనికి కొత్త తెర మాత్రం వస్తుంది. ఈ తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే యాజమాన్యం మనసు ఎటుందో, డబ్బు దేనికి పెడుతోందో, తప్పు జరిగినప్పుడు ఎవరి మాట వింటోందో కొలవాల్సిందే. కొలవడం గురించి నాకు పేచీ లేదు. ఎవరిని అడిగి కొలుస్తున్నారన్నదే నా ఫిర్యాదు.

ప్రశ్నావళి ఎలా నిండుతుందో ముందు చెబుతాను. అది మా డైరెక్టర్ పేరు మీద వస్తుంది. ఆయన నాకు పంపించి, “మీరే నింపేయండమ్మా, చివర్లో నేనొకసారి చూస్తాను” అంటారు. ఒక ఏడాది అందులో ‘మా సంస్థ నిర్ణయాల్లో డిజిటల్ టెక్నాలజీకి కేంద్ర స్థానం ఉంది’ అనే వాక్యం ఉంది. 1 నుంచి 7 దాకా గడులు. నేను 6 పెట్టాను. అదే రోజు కింది అంతస్తులో, ఫిర్యాదుల విభాగంలో, కొత్త సాఫ్ట్‌వేర్‌లో కనిపించే వివరాలను ప్రింటు తీసి, ఆ కాగితం చూస్తూ పాత సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ టైపు చేస్తున్నారు. రెండింటికీ లంకె కుదరలేదు. అక్కడ పనిచేసే ఒకావిడ నాతో, “కొత్తది వస్తే పని తగ్గుతుందన్నారు మేడం. ఇప్పుడు పొద్దున చేసిందే సాయంత్రం మళ్లీ చేస్తున్నాం” అంది. ఆమెను అడగాల్సిన ప్రశ్న మీ ప్రశ్నావళిలో ఒక్కటీ లేదు. ఆ ఏడాది మా సంస్థను మీరు ముందంజలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. ఆ స్కోరును బడ్జెట్ సమావేశంలో తెర మీద చూపించి, డిజిటల్‌లో ఇంత ముందుకు వెళ్లాక ఫోన్లెత్తడానికి ఇంతమంది దేనికని, ఆ విభాగంలో సగానికి పైగా ఉద్యోగాలు తీసేశారు. ఆ 6 పెట్టింది నేనే. ఈ లేఖ రాయడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు మీ పద్ధతుల మీద నా అభ్యంతరాలు.

1. ఒక్కరి జవాబును సంస్థ మొత్తం జవాబుగా తీసుకుంటున్నారు.

‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అసలు ఒప్పుకోను’ దాకా గడులుండే ఈ పద్ధతిని 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించింది మనుషుల వైఖరులు కొలవడానికి. మనిషికి ఒక వైఖరి ఉంటుంది. సంస్థలో వందల మంది ఉంటారు, అంతస్తును బట్టి అనుభవం మారిపోతుంది. పైగా మొగ్గు గురించి అడిగే మనిషినే, అదే కూర్చోడంలో, ‘పోటీదారులతో పోలిస్తే మీ లాభాలెలా ఉన్నాయి’ అని కూడా అడుగుతారు. ఉత్సాహంగా ఉన్న మనిషి రెండుచోట్లా ఎక్కువే పెడతాడు. ఆ రెంటికీ సంబంధం ఉందని మీ నివేదికలో తేలుతుంది. తేలింది సంస్థ సంగతా, నింపిన మనిషి సంగతా? ఒక లక్షణాన్ని ఒకే పద్ధతితో కొలిస్తే ఆ పద్ధతి నీడ కూడా ఫలితంలో పడుతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్, డొనాల్డ్ ఫిస్క్ 1959లోనే హెచ్చరించారు. మీ రంగంలో అది తెలియనివారు ఉండరు.

నివేదిక చివర ‘విశ్వసనీయత 0.9’ అని రాస్తారు. ఆ అంకె లీ క్రాన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా అనే కొలత. అది చెప్పేది ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయన్నదే. ఒకే ప్రశ్నను ఐదు రకాలుగా తిప్పి అడిగితే ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. జవాబులు నిజమని అది రుజువు చేయదు. మా డైరెక్టర్లకు ఈ తేడా తెలియదు, మీకు తెలుసు. ఆ అంకె కింద ఒక్క వాక్యం వివరణ రాయొచ్చు కదా.

2. వినియోగదారుణ్ని అడగాలన్నది కొత్త ఆలోచన కాదు. మీ ముందుతరంవాళ్లు అడిగి చూశారు.

దీని దగ్గర కాస్త ఆగుతాను, నా వాదనకు ఆయువుపట్టు ఇదే. డిజిటల్ మొగ్గు అనే భావనకు పెద్దక్క ఒకటుంది. అది మార్కెట్ మొగ్గు, అంటే వినియోగదారుల అవసరాలను సంస్థ ఎంత పట్టించుకుంటుందన్నది. 1990లో జాన్ నార్వర్, స్టాన్లీ స్లేటర్ దాన్ని కొలిచే ప్రశ్నలు తయారుచేశారు. అదే ఏడాది అజయ్ కోహ్లీ, బెర్నార్డ్ జవొర్‌స్కీ ఆ భావనను ఆచరణ భాషలో నిర్వచించారు. సమాచారం సేకరించారా, విభాగాల మధ్య పంచుకున్నారా, దాని మీద ఏమైనా చేశారా అన్న మూడు మెట్లలో దాన్ని చూశారు. ఆ తర్వాత 1993లో రోహిత్ దేశ్‌పాండే, జాన్ ఫార్లీ, ఫ్రెడరిక్ వెబ్‌స్టర్ జపాన్‌లో చేసిన అధ్యయనం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. వాళ్లు 50 అమ్మకపు సంస్థల నుంచి ఇద్దరిద్దరు అధికారులనూ, వాటి దగ్గర సరుకు కొనే సంస్థల నుంచి ఇద్దరిద్దరినీ అడిగారు. కొనేవాళ్లు ‘వీళ్లు మమ్మల్ని పట్టించుకుంటారు’ అన్నచోట వ్యాపారం బాగుంది. కానీ ‘మేం కొనుగోలుదారుణ్ని పట్టించుకుంటాం’ అని అమ్మేవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నది, కొనేవాళ్లు చెప్పినదానితో సరిగ్గా పొసగలేదు.

ముప్పై ఏళ్ల కిందటే ఇది అచ్చయింది. అయినా డిజిటల్ మొగ్గు దగ్గరికొచ్చేసరికి మళ్లీ తనకు తాను మార్కులేసుకునే పద్ధతికే తిరిగి వెళ్లాం. ఖర్చు ఎక్కువని, వినియోగదారులను వెతికి పట్టుకోవడం కష్టమని మీరనవచ్చు. కష్టమే. అయితే ఆ కష్టం పడకుండా వచ్చిన అంకెకు ‘యాజమాన్యం సొంత అంచనా’ అని పేరు పెట్టండి.

3. వార్షిక నివేదికల్లో మాటలు లెక్కపెట్టడం.

ప్రశ్నావళులు నమ్మలేమని కొందరు వార్షిక నివేదికలు, వాటాదారులకు రాసే లేఖలు తీసుకుని, ‘కృత్రిమ మేధ’, ‘క్లౌడ్’, ‘బిగ్ డేటా’, ‘బ్లాక్‌చెయిన్’ లాంటి మాటలు ఎన్నిసార్లు వచ్చాయో కంప్యూటర్‌తో లెక్కిస్తున్నారు. వేల కంపెనీలను ఒకేసారి పోల్చడానికి వీలవుతుంది, నిజమే. కానీ ఆ నివేదిక రాసేది మాలాంటివాళ్లం. ఏ మాట వేస్తే ఏ జాబితాలో పేరు పడుతుందో మాకు తెలిసిపోయింది. చిత్తుప్రతి సమావేశాల్లో ‘ఈ పేజీలో ఏఐ అన్న మాట రాలేదే’ అని అడిగినవాళ్లను నేను చూశాను.

సందర్భం తెలియకుండా మాటలు లెక్కిస్తే ఎంత తప్పు జరుగుతుందో 2011లో టిమ్ లౌరన్, బిల్ మెక్‌డొనాల్డ్ చూపించారు. మామూలు నిఘంటువు ప్రతికూలమని గుర్తించిన మాటల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు కంపెనీల ఆర్థిక నివేదికల్లో ప్రతికూల అర్థంలో రానే రావు. పన్ను, అప్పు అన్నవి అక్కడ రోజువారీ మాటలు. ఇక ఒట్టి పేరుకు ఎంత విలువ పలుకుతుందో కూడా లోకం చూసింది. 1998, 1999 సంవత్సరాల్లో పేరు చివర ‘డాట్ కామ్’ తగిలించుకున్న కంపెనీలను మైఖేల్ కూపర్, ఓర్లిన్ దిమిత్రోవ్, రాఘవేంద్ర రావు పరిశీలించారు. ప్రకటనకు అటూ ఇటూ ఉన్న పది రోజుల్లో వాటి షేర్లు మామూలుకంటే దాదాపు 74 శాతం అదనంగా పెరిగాయి. ఇంటర్నెట్‌తో ఆ కంపెనీకి అసలు వ్యాపారం ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండానే పెరిగాయి. 2017 డిసెంబరులో అమెరికాలో ఒక శీతల పానీయాల కంపెనీ తన పేరును ‘లాంగ్ బ్లాక్‌చెయిన్’గా మార్చుకోగానే షేరు ధర ఒక్కరోజులో రెట్టింపు దాటింది. మరుసటి ఏడాదే నాస్‌డాక్ స్టాక్ ఎక్స్ఛేంజీ దాన్ని జాబితా నుంచి తొలగించింది. 2024 మార్చిలో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ కమిషన్, కృత్రిమ మేధ వాడుతున్నామని లేనిది చెప్పుకున్న రెండు పెట్టుబడి సలహా సంస్థల నుంచి మొత్తం 4 లక్షల డాలర్ల జరిమానా వసూలు చేసింది. అలాంటి సంస్థలకు మీ మాటల లెక్కలో మంచి మార్కులే పడతాయి.

4. ఏమేం కొన్నారో లెక్కపెట్టడం.

యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ వాళ్ల డిజిటల్ తీవ్రత సూచీ ఈ కోవలోది. 12 అంశాల్లో కనీసం 4 ఉంటే ఆ సంస్థ ప్రాథమిక స్థాయి అందుకున్నట్టు. 2030 నాటికి చిన్న, మధ్యతరహా సంస్థల్లో 90 శాతానికి పైగా ఈ స్థాయికి రావాలని యూరోపియన్ యూనియన్ లక్ష్యం పెట్టుకుంది. ఆ అంశాలేమిటో బయటికి చెబుతారు, అవి ఏడాదికేడాది మారుతుంటాయనీ చెబుతారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. కానీ ఉండటం వేరు, పనికి రావడం వేరు. కర్మాగారాలకు కరెంటు వచ్చిన తొలి రోజుల్లో చాలామంది ఆవిరి యంత్రం తీసేసి దాని చోట ఒక పెద్ద మోటారు పెట్టి, మిగతాదంతా ఉన్నట్టే ఉంచేశారు. ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు బిగించి, భవనాన్నీ పని వరుసనూ మార్చుకున్నాకే అసలు లాభం కనబడింది. దానికి నలభై ఏళ్లు పట్టిందని ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో వివరించారు. ఆ నలభై ఏళ్లలో ఏ ఏడాది మోటార్లు లెక్కపెట్టినా కర్మాగారం ‘ముందంజలో’ ఉన్నట్టే తేలేది.

స్కోరు ఒక అంకెగా ఉండిపోతే ఇంత బాధ లేదు. దాని బరువు మోసేది వేరేవాళ్లు.

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు తన ఖాతాలన్నిటినీ కొత్త వ్యవస్థలోకి మార్చింది. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. అన్నీ మామూలు స్థితికి వచ్చేసరికి డిసెంబరైంది. బ్యాంకు 3 కోట్ల 27 లక్షల పౌండ్లు వినియోగదారులకు పరిహారంగా కట్టింది. 2022లో నియంత్రణ సంస్థలు మరో 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైచిలుకు జరిమానా వేశాయి. కొత్త వ్యవస్థకు మారాలన్న పట్టుదల అక్కడ తక్కువేం లేదు. మీ ప్రశ్నావళి అడిగేది ఆ పట్టుదల గురించే. సిద్ధంగా లేమని కిందివాళ్లు చెబితే పైన వినే దారి ఉందా అని అడగదు.

అదే దేశంలో పోస్టాఫీసు హొరైజన్ వ్యవహారం ఇంకా ఘోరం. 1999 నుంచి వాడకంలోకి వచ్చిన హొరైజన్ సాఫ్ట్‌వేర్ శాఖల ఖాతాల్లో లేని లోటు చూపించింది. ఆ లోటును శాఖలు నడిపేవాళ్లు సొంత జేబులోంచి పూడ్చాల్సి వచ్చింది. లెక్క తప్పు మాది కాదు, సాఫ్ట్‌వేర్‌దని ఎంత మొత్తుకున్నా, ఇలాంటి ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చిందని చాలామందికి చెప్పారు. 2015 వరకూ 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకెళ్లారు, కొందరు ఇళ్లు పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 2019 డిసెంబరులో హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చింది. 2024లో ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలు రద్దు చేయాల్సి వచ్చింది. ‘మా సంస్థ నిర్ణయాలు డేటా మీద ఆధారపడి ఉంటాయి’ అన్న వాక్యానికి ఆ యాజమాన్యం ఎన్ని మార్కులు వేసుకుని ఉండేదో ఆలోచించండి. మనిషీ తెరా విభేదించినప్పుడు ఎవరి మాట నెగ్గుతుందన్న ప్రశ్న మాత్రం మీ ప్రశ్నావళుల్లో నాకెక్కడా కనిపించలేదు.

ఇవి పెద్దవి కాబట్టి కోర్టుల దాకా వెళ్లాయి. చిన్నవి ఎక్కడికీ వెళ్లవు. ఫోన్ పోగొట్టుకుని, ఓటీపీ రాక, తన ఖాతా తనదేనని వారాల తరబడి నిరూపించుకోలేకపోయిన ఒక పెద్దాయన మా దగ్గరికి రోజూ వచ్చేవారు. వేలిముద్ర అరిగిపోయి యంత్రం గుర్తించని కూలీలు ఉన్నారు. కొత్త వ్యవస్థలో లోపం చూపిస్తే ‘మార్పుకు అడ్డుపడే మనిషి’ అని ముద్రపడిన గుమాస్తాలు ఉన్నారు. ఆ ముద్ర మీ నివేదికల్లోంచే వచ్చింది. ‘ఉద్యోగుల ప్రతిఘటన’ అని అందులో ఒక అధ్యాయమే ఉంటుంది. ఆ ఉద్యోగులను అడిగి రాసింది కాదది.

కాబట్టి నా డిమాండ్లివి.

1. ఒక్కో సంస్థలో కనీసం మూడు వర్గాలను అడగండి: పైఅధికారులు, ఆ వ్యవస్థను రోజూ వాడే ఉద్యోగులు, వినియోగదారులు. ముగ్గురి జవాబుల సగటు తీసి ఒక అంకెగా ఇవ్వకండి. మూడూ విడివిడిగా ప్రకటించండి. పైనుంచి 6 వచ్చి కిందనుంచి 2 వస్తే సగటు 4 అవుతుంది, కానీ అక్కడ తెలుసుకోవాల్సింది ఆ నాలుగు అంకెల దూరమే.

2. నమ్మకాల గురించి కాదు, జరిగిన పనుల గురించి అడగండి. నా అనుభవం నుంచి కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను, స్వేచ్ఛగా వాడుకోండి. గత 12 నెలల్లో ఒకే వివరాన్ని రెండుసార్లు ఎక్కించే పనులెన్ని? కొత్త వ్యవస్థ మొదలయ్యాక పాతది ఎన్నాళ్లు నడిచింది? వ్యవస్థ బయట, సొంత ఎక్సెల్ షీట్లలో నడుస్తున్న పనులెన్ని? కొత్తదాన్ని నేర్పడానికి పనివేళల్లో ఎన్ని గంటలిచ్చారు? కిందిస్థాయి ఉద్యోగి చూపిన లోపం ఎన్ని రోజుల్లో సరిదిద్దారు? వాడేవాళ్లకు మేలు జరగడం లేదని ఆపేసిన ప్రాజెక్టు ఒక్కటైనా ఉందా? తెర చూపించే లెక్కను వినియోగదారు ఒప్పుకోకపోతే, దాన్ని సరిచేసే అధికారమున్న మనిషిని చేరడానికి ఎంతసేపు పడుతుంది?

3. వార్షిక నివేదికల్లోని మాటల లెక్కను ‘మొగ్గు’ అనకండి. అది ప్రచారపు లెక్క. దాని పక్కనే సాఫ్ట్‌వేర్ మీద, శిక్షణ మీద ఆ సంస్థ నిజంగా పెట్టిన ఖర్చును చూపించండి. రెండూ కలవని సంస్థలను విడిగా పేర్కొనండి.

4. పూర్తి ప్రశ్నావళినీ, ఏ ప్రశ్నకు ఎంత బరువు ఇచ్చారో ఆ వివరాన్నీ, సర్వేకు డబ్బు ఎవరు పెట్టారో దాన్నీ బయటపెట్టండి. ‘మీరు వెనకబడ్డారు’ అని తేల్చే సంస్థే ‘ముందుకు తీసుకెళ్తాం’ అని సేవలు అమ్ముతుంటే, ఆ సంగతి నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి.

5. ఉద్యోగులను వాళ్ల భాషలో, పేరు బయటపడకుండా అడగండి. అనువాదాన్ని వేరొకరి చేత తిరిగి మూలభాషలోకి మార్పించి సరిచూసుకోండి.

6. ఇవి జరిగేదాకా, యాజమాన్యాల సొంత జవాబులతో తయారైన స్కోర్లను అప్పులకు, రాయితీలకు, అవార్డులకు ప్రాతిపదికగా వాడవద్దని ఆ నిర్ణయాలు తీసుకునేవారిని నేరుగా కోరండి. మా సంస్థలో జరిగినట్టు ఉద్యోగాలు తగ్గించడానికి మీ స్కోరును వాడుకోకూడదని నివేదికలోనే రాయండి.

మా డైరెక్టర్‌కు ఈ లేఖ ముందే చూపించాను. వచ్చే ప్రశ్నావళిని ఫిర్యాదుల విభాగంలో మిగిలినవాళ్లతో కలిసి నింపుతానని చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. ఆ జవాబులు నేను ఇంతకుముందు పెట్టిన 6ల పక్కన ఉంచి మీకు పంపుతాను. ఆ రెండింటినీ మీరు ఎలా లెక్కలోకి తీసుకుంటారో, ఈ ఆరింటిలో వేటిని ఒప్పుకుంటారో, వేటిని ఎందుకు ఒప్పుకోరో వచ్చే సర్వే మొదలయ్యేలోగా రాతపూర్వకంగా, అందరికీ కనిపించేలా చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
పదకొండేళ్లుగా మీ ప్రశ్నావళులు నింపుతున్న ఒక ఉద్యోగిని